అక్క బాప్తిస్మం బొమ్మలో పడింది

మొగుడు పోయిన మా అక్క రెండేళ్లు బాప్తిస్మం కోసం ఎదురుచూసింది. అది పొందినవాళ్లకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె. అక్కకు కావలసింది అదొక్కటే.

ఆ దినం రంగూన్ లమ్మడా పేటలోని మా తెలుగు సంఘమంతా సంపాన్ పడవల్లో ట్వంటే కాలువకు బయలుదేరితే, సినిమా బొమ్మలు తీసే అమెరికా దొర ఒకడు కెమెరాతో వెంట వచ్చాడు. నాకు మిషను బడి ఇంగ్లీషు వచ్చు గనుక అతని మాటలు తెలుగులో చెప్పే పని నాది. తానూ పాస్టరు కొడుకునేనన్నాడు. పదహారేళ్లకు ఇల్లు విడిచి నాటకాలవాళ్లతో పోయాడట. గుర్రాల బొమ్మల్లో కిందపడే వేషాలు వేసి, పక్కటెముక విరిగాక కెమెరా వెనక్కి చేరాడట. ఆఖరి రెండు బొమ్మలూ ఆడలేదు. ఇదీ ఆడకపోతే ఇక తనకు పని ఇవ్వరన్నాడు.

పాస్టరుగారు అక్కను ముంచి లేపారు. మేము కీర్తన ఎత్తుకోబోతుంటే దొర చేయి ఊపాడు. మబ్బు అడ్డం వచ్చింది, మళ్లీ ముంచాలట.

"బాప్తిస్మం ఒక్కసారే" అన్నారు పాస్టరుగారు.

లోకమంతా చూస్తుందన్నాడు దొర. లోకమంతా చూసి రక్షణ పొందుతుందని నేను చెప్పాను. పాస్టరుగారు ఒప్పుకున్నారు. మూడోసారి దొర చాలనేదాకా అక్క తల నీళ్లలోనే ఉంది. దగ్గుతూ లేచింది.

"సాలేటి అయ్యగారూ? దొరకి నానింకా కనబడ్డం లేదేటి?"

అందరం నవ్వాం.

మరుసటి ఏడు ఆ బొమ్మ రంగూన్ వచ్చింది. సంఘమంతా వెళ్లాం. తెర మీద అక్క నీళ్లలో కొట్టుకుంది. తర్వాత ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి.

"ఏటి రాసినారు తమ్ముడా?"

అబద్ధమాడకూడదని, ఉన్నదున్నట్టే చెప్పాను. "తప్పుచేసిన ఆడదాన్ని ఇక్కడివాళ్లు ఇలా ముంచి చంపుతారట."

వెనక బెంచీలో ఒకామె గట్టిగానే అంది: "దొర ఊరికే రాసినాడేటి? దీని మొగుడు ఊరికే పోనాడేటి?"

ఆదివారం ఆరాధనకు ముందు సంఘ కూటం పెట్టారు. బాప్తిస్మాన్ని వేషం చేసిందని అక్క మీద నేరం.

"మొదటి మునక దేవుడికి. తక్కినవి మీరు సేయించినారు. నన్నడుగుతారేటి?" అంది అక్క.

పాస్టరుగారు ఆమెను బల్లకు దూరం చేయాలన్నవాళ్లను చేతులెత్తమన్నారు. ఎత్తకపోతే దొర మాటకు రక్షణ తగిలించింది ఎవరని అడుగుతారేమోనని, నేనూ ఎత్తాను. దేవుడు క్షమించాడనే నమ్ముతున్నాను. అక్కను అడగలేదు.

ఆ పూట రొట్టె పళ్లెం పంచే వంతు నాది. అక్క వెళ్లిపోలేదు. వరుసలోనే కూర్చుని అరచేయి చాపింది.

"తమ్ముడా, సిన్న ముక్క."

నేను పళ్లెం కొంచెం పైకెత్తి, ఆమె చేతి మీదుగా పక్కామెకు అందించాను.