జిగురు పోయని రెగ్యులేటరు

బావ పోయాడని నాకు సోమవారం పొద్దున్న తెలిసింది. ఆఫీసుకి బయల్దేరుతూ బండికి కిక్కు కొడుతున్నాను. నా బండి నాలుగో కిక్కుకి గాని లేవదు. మూడోదానికి ఫోను మోగింది. గాజువాక నుంచి ఆయన కూతురు. "మావయ్యా, నాన్న పోనారు. టీ ఇద్దామని నేపితే నెగనేదు" అంది. నేను "ఏటీ?" అన్నాను. లేపితే లేవలేదని ఆ అమ్మాయి మళ్ళీ చెప్పింది. నేను మళ్ళీ "ఏటీ?" అన్నాను. ఫోను జేబులో పెట్టుకుని, ఏం చేస్తున్నానో తెలియకుండానే నాలుగో కిక్కు కొట్టాను. బండి లేచింది. అలాంటప్పుడు కూడా అది లేచినందుకు దాని మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

ముందే చెప్పాలి, ఆయన నాకు చుట్టం కాడు. ఆయనది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం, మాది విజయనగరం వైపు పొలం పనులు చేసుకునే కుటుంబం. కంచరపాలెంలో, రైలు పట్టాల పక్క సందులో, మా గుమ్మాలు ఎదురెదురు. అదే మా చుట్టరికం. మా వైపు మగవాళ్ళు టీ కొట్టు దగ్గర పరిచయమైనా బావా అనే పిలుచుకుంటారు, అందులో విశేషం లేదు. కానీ పొద్దున లేచి తలుపు తీయగానే ఆ పిలుపు వినపడటం వేరే సంగతి. నాకు పెళ్ళి కుదరలేదు. తర్వాత కుదిరే వేళకి నేనే మొండికేశాను. ఆయన భార్య పోయి చాలా కాలమైంది. ఇద్దరికీ సాయంత్రాలు ఎంతకీ గడిచేవి కావు.

ఆయన పోర్టులో క్రేన్ల మీద ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరయ్యాడు. నేను గాజువాకలో ఒక ఇనుప గోడౌనులో గుమస్తాని. రోజూ ఆ దుమ్ములో, లారీల మధ్య నన్ను తీసుకెళ్ళి తీసుకొచ్చేది ఈ పాత టూ-స్ట్రోకు బండే. మీలో ఎవరి దగ్గరైనా ఇలాంటిది ఉంటే తర్వాతి నాలుగు ముక్కలు చదవక్కర్లేదు. లేనివాళ్ళకి చెబుతాను. ఇంజను ఎంత వేగంగా తిరిగితే అంత ఎక్కువ కరెంటు పుడుతుంది. దాన్ని అదుపులో ఉంచేది రెగ్యులేటరు. గుప్పిట్లో ఇమిడే డబ్బా. అది పోయిందంటే హెడ్‌లైటు బల్బులు టపీమని మాడిపోతాయి, బ్యాటరీ అన్నం కుండలా ఉడుకుతుంది. నా బండికి సరిపోయే డబ్బా తయారుచేయడం ఎప్పుడో మానేశారు. బజార్లో దొరికే నకిలీవి నెల తిరక్కుండానే చచ్చేవి. సందులో వాళ్ళంతా బండి అమ్మి పారెయ్యమన్నారు. అడగని సలహాలంటే నాకు ఒళ్ళు మంట. బావ మాత్రం ఏ సలహా ఇవ్వకుండా చెయ్యి చాపి, "ఆ డబ్బా ఇటు తే" అన్నాడు.

తొమ్మిదేళ్ళ కిందటి మాట అది. ఆయన కాగితం తీయలేదు. తన గది ఎర్రగచ్చు మీద సుద్దముక్కతో బొమ్మ గీశాడు. పాత ఆంప్లిఫయరు వెనక ఉండే అల్యూమినియం రెక్కల ముక్క ఒకటి కోసి పెట్టుకున్నాడు. దాని మీద రెండు డయోడ్లు, ఎస్‌సీఆరు అనే కరెంటు తలుపు ఒకటి, నాలుగు రెసిస్టర్లు, కాస్త వైరు. ఇంతేనా అన్నాను నేను.

"ఇంతే. ఇది కాపలావోడు బావా. పద్నాలుగు వోల్టుల దాకా ఊరుకుంటాది. అది దాటిందా, తలుపు తీసి మిగిల్నదంతా ఎర్తుకి తోలేత్తాది. ఎర్తంటే ఏటనుకున్నావు? నీ బండి ఒళ్ళే."

"కాగితం మీద గీసి ఇవ్వు బావా, దాచుకుంటాను."

"కాగితమైతే పెట్లో దాత్తావు. బుర్రలో దాయవు" అని తడిగుడ్డతో బొమ్మ తుడిచేశాడు.

టంకం పెట్టేటప్పుడు ఆయన్ని చూడాలి. కాడ ఊడిన కళ్ళద్దాలు, ఆ కాడకి చుట్టిన రాగితీగ, బిగపట్టిన పెదాలు. రైలు వస్తోందంటే సోల్డరింగ్ ఐరను పైకెత్తి పట్టుకుని ఆగిపోయేవాడు. మా సందులో రైలెళ్తే గోడకున్న క్యాలెండరు కూడా ఊగుతుంది. అతుకు ఆరకముందు వణికితే లోపల పగులుతుందట, పైకి మాత్రం బాగానే కనిపిస్తుందట. గూడ్సు బండి ఎంత పొడుగున్నా ఆఖరి పెట్టె దాటేదాకా ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండేది. నాకు చిరాకు పుట్టేది. ఆయనకి పుట్టేది కాదు.

అంతా అయ్యి, బండి మీద ఒకసారి పరీక్షించాక, రెండు ట్యూబుల జిగురు కలిపి, అందులో కాస్త నల్లరంగు వేసి, ఆ తీగల మీద నిండా పోశాడు. ఒక రోజులో రాయిలా గట్టిపడుతుంది. ఇక లోపల ఏముందో దేవుడికి కూడా కనపడదు. ఇంత చక్కని పనిని అలా కప్పెయ్యడం ఎందుకన్నాను. "ఉప్పుగాలి బావా" అన్నాడు. "పోర్టులో ఇనప క్రేన్లే తినేసింది. ఈ ఎంట్రుకలాటి తీగలొక లెక్కా?"

బండికి బిగించాక, నేను ఎప్పుడు ఒక చుట్టు తిరిగొచ్చినా ఆయన మీటరు కూడా చూసేవాడు కాదు. ఆ డబ్బా మీద అరచెయ్యి ఆన్చేవాడు. "యెచ్చగా ఉందా, పని సేత్తన్నట్టు. సెయ్యి కాలిందా, ఎక్కడో తప్పు. సల్లగా ఉందా, ఇంకందులో ఏటీ నేనట్టు." నన్నూ చెయ్యి పెట్టమనేవాడు. నేను పెట్టేవాణ్ణి. వెచ్చగా ఉండేది.

ఒక దసరాకి నేను చేసిన ఘనకార్యం ఆయన చచ్చేదాకా మర్చిపోలేదు. ఆయుధపూజకి సందులో వాళ్ళందరి బండ్లూ మెరుస్తున్నాయని నేను కూడా ఉక్రోషం కొద్దీ నా బండి విప్పదీసి, ఛాసిస్ అంతా నల్లపెయింటు వేశాను. బోల్టు రంధ్రాల అంచులు కూడా వదల్లేదు. మళ్ళీ అన్నీ బిగించి, పసుపు రాసి, బొట్లు పెట్టి, రెగ్యులేటరుకి కూడా ఒక బంతిపువ్వు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాను. రైలు గేటు దాటకముందే హెడ్‌లైటు పేలింది. సీటు కింద బ్యాటరీ ఉడుకుతున్న వాసన. తోసుకుంటూ వెనక్కి వచ్చి, నీ డబ్బా పాడైపోయిందని ఆయన మీద అరిచాను.

ఆయన వచ్చి బండి పక్కన కూర్చున్నాడు. బోల్టు విప్పి, చాకుతో ఆ చోట పెయింటు రూపాయి బిళ్ళంత గీకేశాడు. తెల్లగా ఇనుము బయటపడింది. డబ్బాకీ బండి ఒంటికీ మధ్య అడ్డుపడింది నా రంగే. మళ్ళీ బిగించి, కొత్త బల్బు పెట్టి, ఎక్సలేటరు తిప్పాడు. బల్బు నిలకడగా వెలిగింది.

"దేవుడికి పూజ సేసినావు, ఎర్తు తీసేసినావు" అన్నాడు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళద్దాలు జారిపోయేదాకా నవ్వాడు. ఆ తర్వాత ప్రతి దసరాకీ గుమ్మంలోంచి కేకేసేవాడు: "బావా, ఈయేడు యే బోల్టుకి రంగేత్తన్నావు?"

తొమ్మిదేళ్ళు పనిచేసింది ఆ డబ్బా. ఈ వానల్లో లైటు మిణుకుమిణుకుమనడం మొదలైంది. ఆయనే కనిపెట్టాడు. ఇంకోటి మొదలుపెడుతూ, "ఈసారి నువ్వు కూకుని సెయ్యాల. నా సేతులు వణుకుతన్నాయి. నేర్చుకో, ఎల్లకాలం నానుంటానా?" అన్నాడు. సరే అన్నాను. సరే అనడానికి నాకేం, ఎప్పుడూ ముందుంటాను. ఆయన అతుకులు పెడుతూనే ఉన్నాడు, నేను అలిసిపోయి వచ్చి పడుకుంటూనే ఉన్నాను.

ఒక శనివారం సాయంత్రం నా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. దగ్గుతున్నాడు. "అయిపోనాది బావా. జిగురు పొయ్యనేదు. పోసేత్తే నీకింకేటీ కనపడదు. రేపొద్దున్న ఓ గంట కూకో, బొమ్మ గీసి సెప్తాను" అన్నాడు.

"వచ్చే ఆదివారం చూద్దాం బావా" అన్నాను.

ఆ మర్నాడు, ఆదివారం, నాకు ఏ పనీ లేదు. ఇది రాయకుండా ఆయన గురించి ఇంకేం రాసినా అబద్ధమే. వాన లేదు, జ్వరం లేదు, చుట్టాలు లేరు. మంచం మీద పడుకుని ఫోను చూసుకున్నాను. ఆయన తలుపు బార్లా తెరిచి ఉండటం కిటికీలోంచి చూశాను కూడా. పది అడుగుల దూరం. మధ్యాహ్నం దాకా ఆ తలుపు తెరిచే ఉంది.

బుధవారం కూతురు వచ్చి, దగ్గు తగ్గేదాకా తన దగ్గర ఉంచుకుంటానని ఆయన్ని తీసుకెళ్ళింది. ఆటో ఎక్కుతూ, "జిగురు ముట్టుకోకు, నానొచ్చి సెప్తాను" అన్నాడు. నాతో ఆయన అన్న చివరి మాట జిగురు గురించి. నేను చూద్దామన్న ఆదివారం వచ్చింది, అప్పుడు కూడా నేను ఆయన్ని చూడ్డానికి గాజువాక వెళ్ళలేదు. రోజూ వెళ్ళే దారే. ఆ మర్నాడే ఫోను వచ్చింది.

గాజువాకలో ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. అందరూ దండం పెడుతున్నారు. నేను కూర్చుని ఆయన చేతి మీద అరచెయ్యి ఆన్చాను. నాకు ఇంకో పద్ధతి తెలియదు.

కర్మకాండలయ్యాక కూతురు కంచరపాలెం వచ్చి, వాళ్ళ ఆనవాయితీ ప్రకారం ఇల్లంతా కడిగించింది. నన్ను పిలిచి ఒక అట్టపెట్టె చేతిలో పెట్టింది. దాని మీద ఆయన వంకర అక్షరాలు: బావది.

"ఇది మీదే గదా మావయ్యా. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అడిగీవోరు, బావొత్తాడా, సూత్తాడా అని."

గచ్చు ఇంకా తడిగా ఉంది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. "ఇక్కడ నేల మీద ఏమైనా గీసి ఉందా అమ్మా?"

"ఏవో సుద్దగీతలు మావయ్యా, గది నిండా. సందులో గుంటలెవరో ఆడుకుంటా గీసినారనుకున్నాను. కడిగించీసినాను." నా మొహం చూసి, "ఏటి, పనికొచ్చేవా?" అంది.

లేదమ్మా అన్నాను. పాపం ఆ పిల్లకేం తెలుసు. ఆదివారం నా కోసం తలుపు తెరిచి పెట్టుకున్న మనిషి ఊరికే కూర్చోలేదని నాకు మాత్రం తెలిసింది. తుడవకుండా ఉంచాడు, నేను వస్తానని.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం పొద్దున పెట్టె తెరిచాను. కొత్త రెగ్యులేటరు, జిగురు ట్యూబులు, నల్లరంగు సీసా, ఆయన వోల్టుల మీటరు. ఆయన చివరి అతుకులు ఒక్కొక్కటి లెక్కపెట్టాను. ఒకటి రెండు చోట్ల టంకం కాస్త పక్కకి జారింది. చేతులు వణికిన చోట్లు అవి. వణికితే అక్కడే మళ్ళీ కరిగించి పెట్టాడు. దాన్ని అలాగే దాచుకోవాలనిపించింది. జిగురు పోస్తే ఆ చేతిపని ఇక ఎప్పటికీ కనపడదు. పోయకపోతే ఉప్పుగాలి రెండు నెలల్లో తినేస్తుంది. కానీ జిగురుకి ముందు పరీక్ష చెయ్యాలని ఆయన నియమం. ముందు ఆ పని చేద్దామని బండికి బిగించాను. ఇది పాతదానికన్నా కాస్త పెద్దది, పాత రంధ్రానికి అందలేదు. పక్క రంధ్రానికి బిగించాను. బ్యాటరీకి మీటరు పెట్టి ఎక్సలేటరు తిప్పాను.

ముల్లు పద్నాలుగు దాటింది. పదహారు. పదిహేడు. ఇంజను ఆపేశాను.

ఆయన తప్పు చేశాడా, నేను బిగించేటప్పుడు ఏదైనా తెంపానా? బొమ్మ లేదు, నేల కడిగేశారు. లేచి వీధిలోకి వచ్చి, అలవాటు కొద్దీ, "బావా!" అని కేకేశాను. ఎదురు గుమ్మానికి తాళం వేలాడుతోంది. టీ కొట్టు దగ్గర ఎవరో "ఏటి బావా?" అన్నారు. నిన్ను కాదులే అన్నాను. ఆ క్షణంలో నేను ఎంత ఒంటరివాణ్ణో నాకు పూర్తిగా అర్థమైంది. లోపలికి వచ్చి బండి పక్కన కూలబడి, నిజం చెప్పాలంటే, ఏడ్చాను.

అలా కింద కూర్చున్నాను కాబట్టే ఆ బోల్టు నా కళ్ళకి ఎదురుగా వచ్చింది. పక్క రంధ్రం. దాని చుట్టూ నిగనిగలాడుతున్న నల్లపెయింటు. నేనే వేసింది.

వంటింట్లోంచి చాకు తెచ్చాను. రూపాయి బిళ్ళంత గీకాను. ఇనుము తెల్లగా బయటపడింది. మళ్ళీ బిగించి కిక్కు కొట్టాను. నాలుగో దానికి లేచింది. ఎక్సలేటరు మెల్లగా తిప్పాను, తర్వాత చివరిదాకా తిప్పాను. సందంతా పొగ. పక్కింటావిడ తిట్టింది. ముల్లు పద్నాలుగు దగ్గర ఆగింది. ఎంత తిప్పినా అక్కడే ఉంది.

అప్పుడు విప్పి, జిగురు కలిపాను. పోయబోతుంటే రైలు కూత వినపడింది. చెయ్యి పైకెత్తి ఆగాను. గూడ్సు బండి, చాలా పొడుగు. ఆఖరి పెట్టె దాటాక పోశాను. ఆయన అతుకులు ఒక్కొక్కటే నల్లగా మునిగిపోయాయి. చివరిదాకా చూస్తూనే ఉన్నాను, ఆయన చూడమన్నది అదే కాబట్టి.

మర్నాడు సాయంత్రం బిగించి, గాజువాక దాకా వెళ్ళి వచ్చాను. చీకటి పడుతున్న వేళకి సందులో బండి ఆపి, తాళం వేసి ఉన్న ఆ గుమ్మం ముందే స్టాండు వేశాను. లైటు ఆర్పి, కిందికి వంగి డబ్బా మీద అరచెయ్యి ఆన్చాను. వెచ్చగా ఉంది. అది చల్లారేదాకా చెయ్యి తీయలేదు.