వంటావార్పు దాటి బోరబండకు ఒక ద్రాక్షపెట్టె

ఫ్రిజ్‌లో పెడితే ద్రాక్ష మళ్లీ తాజాగా అవుతుందని నా బ్లాగులో పోయిన టపా కింద రాశావు, స్ఫూర్తీ. అవదమ్మా. చల్లదనం ముసలితనాన్ని ఆలస్యం చేస్తుంది, వయసు తగ్గించదు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్లూ ఇదే చెప్పాను. పరాయి పిల్లలు విన్నారు, సొంత మనవరాలు వినలేదు.

ఈ ప్రయాణం ఎల్లమ్మ కోసం. ఇప్పుడు మాదాపూర్‌లో అద్దాల మేడలున్నచోట, ఒకప్పుడు ద్రాక్షతోటలో గుత్తులు కోసేది. పళ్లు కొనబోయిన నాకు బేరం కుదరలేదు, స్నేహం కుదిరింది. ఆపరేషనయి బోరబండలో కూతురింట్లో పడుకుంది. ఏం పెట్టినా తినడం లేదట, ద్రాక్ష మాత్రం అడిగిందట. మర్నాడు తెలంగాణ బంద్. వెళ్తే ఆవేళే వెళ్లాలి.

పొద్దున పదింటికి గచ్చిబౌలిలో శీతల గది ఉన్న దుకాణానికి వెళ్లాను. తొడిమలు ఇంకా పచ్చగా ఉన్న పెట్టె ఎంచుకున్నాను. "కడిగి కవర్లో వేసిస్తానండి" అన్నాడు దుకాణదారు. వద్దన్నాను. కడిగితే కాయను కాపాడే తెల్లటి పొడి పోతుంది, గాలాడని కవర్లో చెమ్మ చేరి బూజు పడుతుంది. పెట్టెలోని సంచులకు చిల్లులున్నాయి, పైన బూజును ఆపే కాగితముంది. మూత తీయకుండా తువ్వాలు చుట్టి ఆటో ఎక్కాను. మీటరు మీద ఇరవై అడిగాడు డ్రైవరు యాదగిరి. రోజులు బాగాలేవు కదా, ఒప్పుకున్నాను.

మాదాపూర్‌లో ఆగిపోయాం. నడిరోడ్డు మీద పొయ్యిలు, గుండిగలు, జై తెలంగాణ నినాదాలు. రోడ్డు మీదే వండుకు తినే నిరసన, వంటావార్పు! ఎండ నేరుగా పెట్టె మీద పడుతోంది.

"అమ్మా, జర నీళ్లు సల్లాల్నా? సల్లగుంటయి" అన్నాడు యాదగిరి.

"చల్లు నాయనా, సాయంత్రానికి బూజు కోసుకుందాం."

గరిటె పట్టుకున్నావిడ నన్ను చూసి పిలిచింది. "పెద్దమ్మా, ఒచ్చి కూసో. ఈడికొచ్చినోళ్లు తినే పోవాలె."

"దారి ఆపేదీ మీరే, అన్నం పెట్టేదీ మీరేనా అండీ?"

"ఆంధ్రమ్మవా? అయితే ఇంకో మిరపకాయ ఏస్త!"

నవ్వాను, తిన్నాను. ఆవిడే పెట్టెను పొయ్యికి దూరంగా షామియానా నీడలో పెట్టించింది. ఎవరికని అడిగితే చెప్పాను. వెంటనే గరిటె పైకెత్తి అరిచింది: "జరుగుర్రి! బీమారున్న మనిషికి పండ్లు పోతున్నయ్!" ఆటో పట్టేంత సందు ఏర్పడింది.

బోరబండలో, కాయలకు చెమ్మ పట్టకుండా, పెట్టె చలి విడిచేదాకా ఆగి మూత తీశాను. గుత్తి పట్టుకోబోయానో లేదో, గోడవైపు తిరిగి పడుకున్న ఎల్లమ్మ లేచి కూర్చుంది.

"కాయ ముట్టకు! పొడి పోతది. తొడిమె పట్టు!"

"తిడుతున్నావా? అయితే బతికావు."

ఒకటి తింది. కాసేపు నమిలి అడిగింది: "తెలంగాణ ఒస్తే మీ దేశం పోతవా ఏంది?"

"పోతే నీకు ద్రాక్ష ఎవరు తెస్తారే?"

"గట్లనా? అయితే ఇంకోటి పెట్టు."

నాలుగు పెట్టాను, నాలుగూ తింది. కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లొత్తుకుంది.

ద్రాక్షను నిలబెట్టేది చల్లదనమొక్కటే కాదని తిరుగు దారిలో అనుకున్నాను. పెట్టెకు కాస్త గాలాడే చిల్లులు కూడా ఉండాలి. ఆవేళ రోడ్డంతా మూసినవాళ్లు కూడా ఒక చిల్లు ఉంచారు.

శనివారం నీకు సెలవేగా స్ఫూర్తీ, ఎల్లమ్మకు ఇంకో పెట్టె తీసుకెళ్లు. పచ్చ తొడిమలు చూసి కొను. దారిలో మూత తీయకు, కడగకు. అక్కడికెళ్లాక, తినే నాలుగు మాత్రమే కడుగు. గుత్తిని తొడిమ పట్టుకునే ఎత్తు, లేకపోతే ఆవిడ తిడుతుంది. తిట్టకపోతే మాత్రం వెంటనే నాకు ఫోన్ చెయ్యి.