మూడు కాళ్ళ పందెం

మొన్న మనవరాలి స్కూల్లో ఆటల పోటీలకు వెళ్తే, మైదానంలో అప్పుడే గీసిన సున్నం వాసన తగిలింది. నా చిన్నప్పటి పందెం గుర్తొచ్చింది.

డెబ్బైల్లో మేము దూది కొట్లుండే కాటన్‌పేటలో ఉండేవాళ్ళం. నాకప్పుడు ఏడేళ్ళు. నడుస్తూ నడుస్తూనే తట్టుకుని పడే పిల్లనని ఇంట్లో పేరు. అందుకే పక్కింటి సరోజ మా స్కూలు ఆటల పోటీల్లో మూడు కాళ్ళ పందేనికి నన్ను జోడీగా రమ్మంటే నమ్మలేకపోయాను. రోజూ సాయంత్రం ఇద్దరం రిబ్బనుతో కాళ్ళు కట్టుకుని, దూది మూటల పక్కన సందులో పరుగెత్తేవాళ్ళం. "కట్టిన కాలు ముందు, తర్వాత విడి కాలు" అని సరోజ పాటలా చెప్పేది. మొదట్లో మోకాళ్ళు చీరుకుపోయాయి. రానురాను పడడం మానేశాను. అమ్మ గడపలో నిలబడి చూసేది. మురిసిపోతోందనుకున్నాను.

పోటీ రోజు టీచరు సరోజ కాలికి వేరే పిల్ల కాలు కట్టింది.

"టీచర్, నేనుండాను కదా" అన్నాను.

"మీ అమ్మే నిన్న వచ్చి, నిన్ను పందెంలో దించొద్దనిందమ్మా."

షామియానా కింద కూర్చున్న అమ్మ వైపు చూశాను. అమ్మ తల తిప్పుకుంది.

ఇంటికొచ్చాక "ఎందుకట్లా చెప్పినావు?" అని అడిగాను.

"అంతమందిలో నువ్వు పడితే నవ్వుతారే. నేను చూడలేను."

"ఇప్పుడు పడడం లేదు కదమ్మా. నువ్వు చూసినావు కదా."

అమ్మ నా జడ విప్పి దువ్వడం మొదలుపెట్టింది.

ప్రేమతోనే అలా చేసిందని ఈ వయసులో నాకు తెలుసు. అయినా, ఆరోజు పడి ఉంటే మోకాలు వారంలో మానేది.