దెబ్బ తిన్నవాడి పడవ

రేవతికి చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. బందరు పక్కనున్న గిలకలదిండిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. హార్బరులో తల్లి ముత్యాలమ్మ చేపల బుట్టని కాలితో తన్నినవాడి పన్ను రాలగొట్టినప్పటికి ఆమె ఇంకా పరికిణీలోనే ఉంది. అలాంటి పిల్ల బందరులో కంప్యూటర్ డిప్లొమా చదివి, నెట్ సెంటర్లో పనికి కుదిరి, తెలుగు టైపు చేసుకునే ప్రోగ్రాం ఒకటి తయారుచేసిందంటే పల్లెపాలెం అంతా ముక్కున వేలేసుకుంది. దానికి ‘తెడ్డు’ అని పేరు పెట్టింది. పైసా పుచ్చుకోలేదు. లోపలి కోడంతా నెట్‌లో పెట్టేసి, ఎవరైనా వాడుకోండి, తప్పులుంటే దిద్దండి, పదిమందికీ పంచండి అని రాసింది.

మెల్లగా జనం చేరారు. అవనిగడ్డలో పెళ్ళికార్డులు వేసే కుర్రాళ్ళు, కాలేజీ పిల్లలు, వాళ్ళ స్నేహితులు. గుడివాడ నుంచి వెంకటపతి గారు చేరారు. ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ యజమాని, పొలాలూ పుట్రా ఉన్న ఇంటి మనిషి, కోపంలో రేవతికి అన్నగారు. పాత తెలుగు టైపుమిషను మీద చెయ్యి తిరిగినవాళ్ళు అదే మీటల వరసతో కంప్యూటర్లోనూ కొట్టుకోవాలని ఆయన పట్టుదల. అందుకు కావలసిన కోడ్ నలభై దాటాక కూర్చుని నేర్చుకుని, తనే రాసి తెడ్డులో కలిపారు. మిగతావాళ్ళందరిదీ రేవతి పద్ధతి. ఇంగ్లీషు మీటలు నొక్కితే ఆ ధ్వనికి తగ్గ తెలుగక్షరం పడుతుంది, నేర్చుకోవడానికి పూట చాలు.

రెండువేల నాలుగు వేసవిలో వచ్చింది గొడవ. వెంకటపతి గారి ముక్క వల్ల తెడ్డు పదేపదే ఆగిపోతోంది. రేవతికి ఒళ్ళు మండి, ఆ ముక్కని పీకి అవతల పారేసి కొత్త తెడ్డు విడుదల చేసేసింది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. మర్నాడు గుడివాడలో టైపు పిల్లలు మీటలు నొక్కితే పిచ్చి గీతలు పడ్డాయి.

ఇంక చూడండి, అందరూ ఉత్తరాలు రాసుకునే మెయిలింగ్ లిస్టు రణరంగమైపోయింది. “చేపలు కోసే చేతికి కత్తి చాలు, కీబోర్డు దేనికి?” అని వెంకటపతి గారు రాశారు. పెద్దమనిషి రాయాల్సిన మాటేనా అది! “మీ మిషన్లన్నీ పాత ఇనప కొట్టుకి తోలెయ్యండి, మిమ్మల్ని కూడా తూకానికి తీసుకుంటారేమో అడగండి,” అని రేవతి రాసింది. ఆ తర్వాత కుర్రాళ్ళు అందుకున్నారు. కాళ్ళు విరగ్గొడతామని ఒకరు, బందరు బస్సు దిగితే నరుకుతామని ఒకరు.

మాట్లాడుకుని సర్దుకుందామని ఒక ఆదివారం మధ్యాహ్నం గుడివాడ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్నారు. రేవతికి తోడుగా అన్న చిన్నబాబు వచ్చాడు. బోటు మీద పనిచేసే మనిషి, కంప్యూటరంటే టీవీకి తమ్ముడనుకునే రకం. సర్దుకోవడమా నా బొంద!

“అడక్కుండా తీసేయడానికి అది నీ అబ్బ సొత్తా?” అన్నారు వెంకటపతి గారు.

“పని చెయ్యని ముక్క ఎవడబ్బ సొత్తయితే నాకేంటండీ?” అంది రేవతి.

“అలాగా? అయితే మా దారి మాది. కోడంతా సీడీలో ఎక్కించాను. రేపట్నుంచి మా తెడ్డు వేరు, మీ తెడ్డు వేరు. మీరు కొట్టిన ఫైలు మా దాంట్లో తెరుచుకోదు. ఏం చేసుకుంటావో చేసుకో,” అని ఆయన ఇనప బల్ల సొరుగులోంచి సీడీ తియ్యడానికి కుడిచెయ్యి పెట్టారు.

రేవతికి కళ్ళు బైర్లు కమ్మాయి. నాలుగేళ్ళుగా ఒక్కొక్కరినీ బతిమాలి, తిట్టి, నేర్పి పోగుచేసుకున్న మనుషులు. ఆ గుంపు తప్ప ఆమెకి వేరే ఆస్తి లేదు. అది కళ్ళముందే రెండు చెక్కలవుతోంది. ఈసారి చెయ్యి కాదు, కాలు లేచింది. ఒక్క తన్నుతో సొరుగు మూసుకుపోయింది. ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

ఆయన అరిచిన అరుపుకి టైపు పిల్లలు ఒక్కుమ్మడిగా లేచారు. చిన్నబాబు వీపు మీద కుర్చీ విరిగింది. వాడు మానిటర్ ఎత్తి విసిరితే ఒకడి నుదురు చీలి కళ్ళలోకి నెత్తురు కారింది. ఎవరో రేవతి జడ పట్టుకుని గుమ్మందాకా ఈడ్చారు, ఆమె ఆ చెయ్యి కండ ఊడేలా కొరికింది. నేలనిండా గాజుపెంకులు, వాటి మీద రక్తపు అడుగులు. అయ్యో, ఆ గదిలో ఉన్నవాళ్ళంతా తెలుగుకి ఏదో చేద్దామని చేరినవాళ్ళే కదండీ!

మర్నాడు పొద్దున్న గుడివాడ నుంచి రెండు జీపులు గిలకలదిండి వచ్చాయి. దిగినవాళ్ళ చేతుల్లో కర్రలు, ఇనప రాడ్లు. చేతికి కట్టుతో ముందు సీట్లో వెంకటపతి గారు. ఇటు బోట్ల మీంచి జనం గడలు పట్టుకుని దూకారు. చేపలు కోసే ఆడవాళ్ళు కత్తులు కింద పెట్టకుండానే లేచి నిలబడ్డారు. ఒక రాయి పడింది, ఒకడి మోకాలు పగిలింది. ఇంకొక్క దెబ్బ పడితే అక్కడ శవాలు లేచేవి.

అప్పుడు ముత్యాలమ్మ కూతుర్ని జుట్టు పట్టుకుని లాక్కొచ్చి జీపు ముందు పడేసింది.

“బాబూ, మా పల్లెలో ఒక కట్టుబాటుందయ్యా. కొట్టినోళ్ళు దెబ్బ తిన్నోళ్ళ పడవెక్కాలి. గాయం మానేదాకా ఆళ్ళ వల లాగాలి, ఆళ్ళ తిట్లు తినాలి. కాదంటే ఈ పల్లెలో దానికి మంచినీళ్ళు కూడా ఎవరూ పొయ్యరు.”

“నాకు పడవెక్కడుందమ్మా?” అన్నారు వెంకటపతి గారు పళ్ళు కొరుకుతూ.

“చెయ్యి విరిగింది గదయ్యా. దీని చేతులు వాడుకోండి.”

ఆయన లెక్క వేసుకున్నారు. పోలీసు కేసు పెడితే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. కానీ తన ముక్క మాత్రం తెడ్డులోకి తిరిగి రాదు. సీడీలో ఉన్న పాతది కొత్త తెడ్డుకి అతకదు, మళ్ళీ మొదట్నుంచి రాయాలి. “రేపట్నుంచి ఇన్‌స్టిట్యూట్‌కి రా. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టాలి. నీ తెలివి బందర్లో వదిలేసి రా,” అని జీపు తిప్పించారు.

రేవతి నెట్ సెంటర్లో పని సాయంత్రానికి మార్చుకుని రోజూ బస్సెక్కింది. తను పీకి పారేసిన ముక్కనే, ఆయన ఒక్కొక్క వరసా చెబుతుంటే, తన వేళ్ళతో మళ్ళీ రాసింది. మొదటిరోజే ఆమె తప్పు కొట్టిందని ఆయన ఎడంచేత్తో స్కేలు తీసి కణుపుల మీద ఒక్కటి వేశారు. ఆమె ఆ స్కేలు లాక్కుని రెండు ముక్కలు చేసి బల్ల మీద పెట్టింది. ఆయన భార్య ఇందిర కాఫీ గ్లాసులు తెచ్చి, “మీరిద్దరూ చచ్చాక ఆ కోడ్ ఎవరు రాస్తారో అదీ చెప్పండి,” అని వెళ్ళిపోయింది. మర్నాడు ఇద్దరూ తిట్టుకున్నారు గానీ కొట్టుకోలేదు. అదే మొదటి మెట్టు.

రాసిన ముక్క పనిచేస్తోందో లేదో చూడాలంటే ఆ మీటల వరస రావాలి, అందుకని ఆయన దగ్గరే నేర్చుకుంది. పక్క బల్లల మీద కోర్టు ఉద్యోగాల కోసం టైపు నేర్చుకుంటున్న ఆడపిల్లలు కీబోర్డు వంక చూడకుండా వాన కురిసినట్టు కొడుతుంటే నోరు తెరుచుకుని చూసింది. తను రాత్రికి రాత్రి పీకేసింది వీళ్ళ అన్నం అని ఆమెకి అప్పుడు తట్టింది. సిగ్గేసింది. ఆ సిగ్గుతో ఇంకాస్త కోపం కూడా వచ్చింది, ఆమె స్వభావం అంతే మరి.

ఒకరోజు ఆయనే చెబుతూ చెబుతూ ఆగిపోయారు. “అమ్మాయ్, తెడ్డు ఆగిపోయేది ఇక్కడే. ఇది నేనే చెత్తగా రాశాను.”

“నేను ముందే చెప్పానుగా అండీ!”

“చెప్పలేదు. తిట్టావు. రెంటికీ తేడా ఉంది.”

రేవతి కుర్చీ ముందుకి లాక్కుంది. ఆ తప్పు ఇద్దరూ కలిసి దిద్దారు. రెండు పద్ధతులూ ఒకే తెడ్డులో పక్కపక్కన కుదురుకున్నాయి. లిస్టులో ఇద్దరి పేర్లతో ఒకే ఉత్తరం వెళ్ళింది. ఎవరి ముక్క తీసేయాలన్నా, ముందు వాళ్ళ పక్కన కూర్చుని దానితో పని చెయ్యాలి, ఆ తర్వాతే మాట్లాడాలి అని. ముందు కొందరు ఎగతాళి చేశారు. మానిటర్ దెబ్బకి నుదురు చీలిన టైపు కుర్రాడు మాత్రం లోపల ఇంకా ఉడుకుతూనే, వెళ్ళి అవనిగడ్డ కుర్రాళ్ళ పక్కన కూర్చున్నాడు. వేరు పడదామన్న మాట మళ్ళీ లిస్టులో కనబడలేదు.

వెంకటపతి గారి చేతి కట్టు విప్పాక అందరూ బందరు నెట్ సెంటర్లో కలిశారు, కొత్త తెడ్డు విడుదల చెయ్యడానికి. ముత్యాలమ్మ కూడా వచ్చింది.

“గాయం మానిందా బాబూ? మా పిల్ల మీ పడవ దిగొచ్చా?”

“మానిందమ్మా. దిగమనండి,” అన్నారు వెంకటపతి గారు.

మొదటి ఉత్తరం ఆయనే కొట్టాలని రేవతి కుర్చీ జరిపింది. టైపుమిషను పద్ధతి తనే సిద్ధంగా పెట్టింది. ఆయన నిటారుగా కూర్చుని చేతులు మీటల మీద పరిచారు. కుడిచేతి వేళ్ళు రెండు వంగలేదు. అక్షరాలు తప్పు పడ్డాయి. చెరిపి మళ్ళీ కొట్టారు, మళ్ళీ తప్పు పడ్డాయి. నుదుటి మీద చెమట పట్టింది. చివరికి ఆయన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేత్తో రేవతి పద్ధతికి మార్చి, ఒక్క వేలితో ఒక్కొక్క అక్షరమే కొట్టారు.

“ఇదే నయం అమ్మాయ్. ఒక్క వేలు చాలు,” అని నవ్వారు.

రేవతి బయటికి పోయి గోడకేసి పిడికిలి బాదుకుంది, చర్మం ఊడి నెత్తురొచ్చేదాకా. ముత్యాలమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. “మానిందన్నారుగదే, ఇంక దిగిపో.”

“మానలేదమ్మా. అది మానదు,” అని ఏడ్చింది. ఆయన ఆమె పద్ధతికి మారారు, వాదంలో ఆమె గెలిచింది.

ఆ తర్వాత కూడా ఆదివారాలు ఆమె గుడివాడ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి టైపుమిషను పద్ధతిలోనే కొట్టేది. కొన్నేళ్ళ తర్వాత గుంపులో కొత్తగా చేరిన ఒకాయన లిస్టులో రాశాడు: టైపుమిషను పద్ధతి ఈ రోజుల్లో ఎవరు వాడుతున్నారు, తీసేద్దామా అని. రేవతి కీబోర్డు వంక చూడకుండా, పదివేళ్ళతో, ఆ పద్ధతిలోనే జవాబు కొట్టింది.

“ఒకాయన వాడేవారండీ. ఆయన వేళ్ళు నేను విరగ్గొట్టాను. అందుకని నేను వాడుతున్నాను. మీరు గుడివాడ వచ్చి నా పక్కన కూర్చోండి, తీసే సంగతి తర్వాత మాట్లాడదాం.”