నాన్నగారి ఉయ్యాల

వాన వెలిసిన పొద్దున, డాబా మీద ఆరేసిన గుడారం దగ్గరికి వెళ్ళేసరికి ముక్కిపోయిన గుడ్డ, బురద, నలిగిన గడ్డి కలిసిన వాసన గుప్పుమని కొట్టింది. మా అబ్బాయి స్నేహితులతో ఏ కొండలకో అడవులకో వెళ్ళి నేల మీద పడుకుని వస్తూ ఉంటాడు. తాడేపల్లిగూడెంలో మెత్తటి పరుపు పెట్టుకుని ఈ తిప్పలేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈసారి వస్తూనే గుడారాన్ని ఎవరికో ఇచ్చేస్తానన్నాడు. వీపు కింద రాళ్ళు, నేల చెమ్మ, చోటు కాస్త వాలుగా ఉంటే తెల్లారేసరికి అందరూ ఒక మూలకి జారిపోవడం, లోపలి గుడ్డంతా చెమర్చి మొహం మీద బొట్లు పడడం, ఇవన్నీ ఏకరువు పెట్టి, తనలాంటి వాళ్ళు చాలామంది ఇప్పుడు రెండు చెట్ల మధ్య కట్టుకునే ఉయ్యాలలకు మారిపోయారనీ, మడిస్తే చిన్న సంచిలో పట్టేస్తుందనీ, పాములూ తేళ్ళూ కిందనుంచి తమ దారిన తాము పోతాయనీ లెక్చరిచ్చాడు. వాడు చెబుతూనే ఉన్నాడు గానీ, ఆ తడి వాసనకి నేనప్పటికే గణపవరం అవతల మా ఊళ్ళో, మా చేలో ఉన్నాను.

వానాకాలపు సార్వా పంట కోతలయ్యాక, నూర్పిడి పూర్తయ్యేదాకా వరికుప్పలకు నాన్నగారే కాపలా. వెదురు కర్రల మీద టార్పాలిన్ కప్పి, కింద గడ్డి పరిచి వేసిన గుడారం నాకూ తమ్ముడికీ రాజుగారి మేడ. బడినుంచి రాగానే అమ్మ కట్టిచ్చిన క్యారేజీ పట్టుకుని గట్లవెంట పోతుంటే, పచ్చిగడ్డి పొగ, కొత్త ధాన్యం వాసన, క్యారేజీలోంచి కొర్రమీను పులుసు ఘుమఘుమ, నెత్తిమీద బారులు తీరి కొల్లేటి వైపు పోయే కొంగలు, మోకాళ్ళదాకా పాకే చలి. గుడారంలో దూరి దొర్లి, గడ్డి దురదతో ఒళ్ళంతా గోక్కుంటూ ఇంటికొచ్చేవాళ్ళం. మాకు అంతకన్నా సుఖం లేదు.

నాన్నగారికి మాత్రం అది సుఖం కాదు. ఆయనకు ఉబ్బసం. నల్లరేగడి చెమ్మ గడ్డిలోంచి, దుప్పటిలోంచి ఎక్కివచ్చి గుండెల్లో కూర్చునేది. పొద్దున్నే ఇంటికొచ్చి, అరుగు మీద కూలబడి, మోకాళ్ళ మీద చేతులాన్చి ఊపిరికోసం తంటాలు పడుతుంటే పిల్లికూతలు వీధిలోకి వినిపించేవి. ఒక ఏడు తుఫాను వానలు పట్టి నేల ఆరనే లేదు. చుట్టుపక్కల చేలన్నీ ఒక్కొక్కటే చేపల చెరువులైపోతున్నాయి. మనదీ కౌలుకిచ్చేస్తే ఈ కాపలా బాధ ఉండదని అమ్మ పట్టుబట్టింది.

"ఏవండీ, చేను లేకపోతే మానె. మనిషుంటే చాలండి" అంది ఒకరోజు, ఆయన వీపు రాస్తూ.

నాన్నగారికి ఊపిరీ కావాలి, చేనూ కావాలి.

అట్లతద్ది అయి అప్పటికి నెల దాటింది. కోడి కూయకముందే లేచి గోంగూర పచ్చడి, పెరుగన్నం తిని, గోరింటాకు పండిన చేతులు ఒకరికొకరు చూపించుకుంటూ, వేపచెట్టుకి కట్టిన ఉయ్యాలెక్కి ఎవరు కొమ్మ అందుకుంటారా అని ఊగిన పండగ అది. సాయంత్రం చందమామను చూశాకే అట్లు. పండగ పోయినా మోకు మాత్రం చెట్టుకే ఉంది. ఓ మధ్యాహ్నం నాన్నగారు దాన్ని విప్పుకుపోతుంటే, నా ఉయ్యాల నాకు కావాలని రాగం తీస్తూ చేనుదాకా వెనకాలే పోయాను. నా వెనకాల తమ్ముడు, అమ్మ, నాయనమ్మ.

కొల్లేటి లంకలో తెలిసినవాళ్ళు పారేయబోయిన పాత వల ఒకటి తెచ్చి, గట్టుమీది రెండు కొబ్బరిచెట్లకీ నా మోకుతో కట్టారు. పైన దుప్పటి పరిచి ఎక్కారు. ఎక్కగానే కజ్జికాయలా మడతపడిపోయారు. తలా కాళ్ళూ పైకి, నడుం కిందకి. దగ్గు తెర వచ్చి, దిగడం కూడా చేతకాక గిలగిల్లాడారు. అమ్మ పరుగున వెళ్ళి పట్టుకుంది. నాయనమ్మ అంతకుముందే సణుగుతోంది, ఇంత మగాడు ఉయ్యాలెక్కితే ఊళ్ళో నవ్వుతారని. కొడుకు అవస్థ చూసేసరికి ఆ ఊరూ ఆ నవ్వూ మర్చిపోయింది.

"ఒరే అబ్బాయ్, చీర ఉయ్యాల్లో నిన్నెప్పుడైనా నిలువునా పడుకోబెట్టానంట్రా? ఐమూలగా పడుకో."

తల ఒక మూలకి, కాళ్ళు ఎదురు మూలకి. వల తనంతట తనే పరుచుకుని చదునైంది, తల వైపు కాస్త ఎత్తుగా నిలిచింది. మా అబ్బాయి ఈ సంగతే ఏదో వీడియో చూసి నేర్చుకున్నాడట! నాన్నగారి దగ్గు మెల్లగా తగ్గింది. కళ్ళు మూసుకున్నారు. అమ్మ గట్టుమీద కూర్చుని, మమ్మల్ని నోరెత్తొద్దని సైగ చేసి, ఆయన ఊపిరే వింటోంది. పిల్లికూతల్లేవు. మా అమ్మ కళ్ళు ఒత్తుకోవడం నేను చూసింది ఆరోజే, నా మోకు గొడవ కూడా ఆరోజుతోనే సరి.

ఆ తర్వాత కోతలొస్తే చాలు, గట్టుమీద ఉయ్యాల వెలిసేది, వాన చినుకు పడితే పైన టార్పాలిన్. దారినపోయేవాళ్ళు జోల పాడమంటారా అని ఆటపట్టిస్తే, పాడితే పడుకుంటానండీ అనేవారు నాన్నగారు. ఆయన లేనప్పుడు మేం దాన్ని ముట్టుకోబోతే మాత్రం, ఖాళీ ఉయ్యాల ఊపకూడదని నాయనమ్మ కసిరేది, పసివాడి ఉయ్యాలే అన్నట్టు. చెరువుల మధ్య మా ఒక్క చేనూ పచ్చగా మిగిలింది. నాన్నగారు ఉన్నన్నాళ్ళూ అది వరిచేనే.

నేను చెప్పిన ఇదంతా విని మా అబ్బాయికి హుషారొచ్చింది. గుడారం తాడొకటి విప్పి చేతిలో పట్టుకుని, వచ్చే ఆదివారం తాతయ్యగారి చేలో ఉయ్యాల కట్టుకుని పడుకుంటానన్నాడు. ఎన్నిసార్లో ఆ దారిన బస్సులో పోతూ నేనే మొహం తిప్పుకున్నాను. నాన్నగారు పోయాక తమ్ముడు చేనుని చేపల చెరువుకి కౌలుకిచ్చేశాడు. వాడికీ తప్పలేదు, చుట్టూ చెరువుల ఊటకి వరి నిలబడలేదు. చేపల కోసం పిట్టలు వచ్చి వాలుతున్నాయని గట్టుమీది కొబ్బరిచెట్లు కూడా కొట్టించేశారు.

"గుడారం వేసుకుందామంటే నేల లేదు, ఉయ్యాల కట్టుకుందామంటే చెట్టు లేదు నాన్నా. అంతా నీళ్ళే" అన్నాను.

వాడు చేతిలో తాడు మెల్లగా చుట్టి సంచిలో పెట్టేశాడు.