తోడల్లుడు అమ్మిన మిషన్లు

ఆ వీధిలో అతన్ని అందరూ మంటాయన అనేవారు. వెల్డింగ్ చేస్తాడు కాబట్టి సగం, ముక్కుమీద కోపం కాబట్టి సగం. గేటుకి తప్పు కొలత ఇచ్చి తనమీదే ఎగిరిన వాణ్ణి సుత్తి పట్టుకుని వీధి చివరిదాకా సాగనంపిన మనిషి. అయితే అతను వేసిన అతుకు ఊడిందని ఎవరూ తిరిగి రాలేదు.

అతనికీ తోడల్లుడికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. తోడల్లుడు వయసులో చిన్న, నలగని చొక్కా, తడబడని మాట. మైనింగ్ మిషన్లు తయారుచేసే కంపెనీ షోరూములో అమ్మకాలు చూసేవాడు. ఆ మిషన్ చెప్పుల డబ్బా కన్నా కాస్త పెద్ద ఇనప పెట్టె, అటూ ఇటూ ఫ్యాన్లు. కరెంటు తాగుతూ రేయింబవళ్ళు లెక్కలు కడుతుంది. కట్టినందుకు కంటికి కనపడని డిజిటల్ నాణేలు వస్తాయి. అవి అమ్ముకుంటే డబ్బు.

"ఇంకా ఆ ఇనుము కాలుస్తూ కళ్ళు పాడుచేసుకోవడం ఎందుకు అన్నయ్యా? మిషన్ పెట్టండి. మీరు పడుకున్నా అది పనిచేస్తుంది," అన్నాడతను అత్తగారింట్లో, అందరూ వింటుండగా.

మంటాయనకి అందులో సలహా కన్నా వెక్కిరింపే ఎక్కువ వినిపించింది. వీడు చెయ్యగలిగింది నేను చెయ్యలేనా అన్న పౌరుషం పొడుచుకొచ్చింది. భార్య నెత్తీనోరూ కొట్టుకుంది.

"మా చెల్లెలి మొగుడు అరచేతిలో వైకుంఠం చూపిస్తాడండీ. మీరు పోయి ఆ అరచేతిలో దూకకండి."

వింటేగా! షాపులో సగానికి అడ్డుగోడ కట్టి, మిషన్లు పేర్చడానికి తనే ఇనప రాక్‌లు వెల్డ్ చేసి, దాచుకున్నదంతా ఊడ్చి మిషన్లు పెట్టాడు. మొదట్లో నాణేలు బాగానే పడ్డాయి. ఫోన్ చూసుకుని మీసం దువ్వుకునేవాడు. గేట్ల పని తగ్గించేశాడు కూడా. తర్వాత ఆ ఫ్యాన్ల హోరుకి పక్క షాపు టైలరమ్మ గొడవకి దిగింది. లోపల వేడికి గోడ రంగు పొరలుగా లేచింది. ఇంతచేసీ, పడే నాణేలు నెలనెలా చిక్కిపోతూ వచ్చాయి. ఫోన్ చేస్తే "మార్కెట్ అన్నయ్యా, ఓపిక పట్టండి" అనేవాడు తోడల్లుడు. ఒకరోజు షోరూము ముందు కొత్త బోర్డు కట్టారు: అదే కరెంటుకి రెట్టింపు వేగం పనిచేసే మోడల్.

మంటాయన తిన్నగా లోపలికి పోయి, కొనడానికొచ్చినవాళ్ళ ముందే అరిచాడు.

"ఇది నిజంగా డబ్బులు కాసే చెట్టయితే మీ ఓనరు దీన్ని ఎందుకు అమ్ముతున్నాడు? కాయలు తనే కోసుకోవచ్చుగా?"

తోడల్లుడు అతన్ని రెక్క పట్టుకుని వెనక సరుకు గదిలోకి తీసుకుపోయి తలుపు మూశాడు. మొహం మీది నవ్వు కూడా మూసేశాడు.

"ఈ ప్రశ్న కొనేముందు అడగాలి అన్నయ్యా. రోజుకి పుట్టే నాణేలు ఇన్నే అని ముందే లెక్కుంది. ఉన్న మిషన్లన్నీ వాటినే పంచుకోవాలి. మేం ఎంత అమ్మితే మీ వాటా అంత చిన్నదవుతుంది. రేపు ఆ నాణెం లేస్తుందో పడుతుందో మా ఓనరుకీ తెలీదు. కరెంటు బిల్లు, వేడి, పాతబడిపోవడం, ఈ భయాలన్నీ మీకు అంటగడితే మాకు డబ్బు ఈరోజే చేతికొస్తుంది. దాంతో ఇంకో మోడల్ చేస్తాం. మీరూ గేట్లు అమ్ముతారు కదా, ఆ గేటు పెట్టిన ఇల్లు అద్దెకి పోయిందో లేదో మీకెందుకు?"

"నేను పక్కింటికి గేటు అమ్మితే ఈ ఇంటి గేటు పనికిరాకుండా పోదురా! సొంత తోడల్లుడికైనా చెప్పాలని తోచలేదా నీకు?"

"చెబితే వినేవారా? నామీద పంతంకొద్దీ ఇంకో రెండు కొనేవారు."

అది నిజమే. నిజం కాబట్టే మంటాయన చెయ్యి కాలరు మీదికి పోయింది. గుండీలు తెగాయి. సెక్యూరిటీ వాళ్ళు అతన్ని బయటికి నెట్టారు.

మిషన్లు పాత సామాన్లవాడికి పోయాయి. గేట్ల పని వేరే షాపులకి మళ్ళిపోయింది. చివరికి అతని దగ్గరికొచ్చిన బేరాలేమిటంటే, మిషన్లు కొన్నవాళ్ళకి రాక్‌లు చెయ్యడం! పనిముట్లు ఖాళీగా ఉండలేవు కనుక చేశాడు. ఒకనాడు ఓ డ్రైవరు, నడుపుకునే కారు అమ్మేసి మిషన్లు కొంటున్నానంటూ రాక్‌ల కోసం అడ్వాన్సు తెచ్చాడు. మంటాయన ఆగలేకపోయాడు. జరిగిందంతా చెప్పాడు.

"మీకు కలిసిరాలేదని నాకూ రాదా? ఏడుపు కాకపోతే!" అన్నాడు డ్రైవరు.

"అయితే నీ డబ్బుతో నువ్వే కాలిపో! దిగు నా షాపు!" అడ్వాన్సు రోడ్డు మీదికి విసిరేశాడు మంటాయన.

డ్రైవరు ఏరుకుని ఎదురుగా ఉన్న వెల్డింగ్ షాపులోకి పోయాడు.

"మీరు మంచి చెప్పినా తిట్టినట్టే ఉంటుందండీ. ఎవడు వింటాడు?" అంది భార్య.

ఆ మధ్య అత్తగారికి ఆపరేషనయింది. అక్కచెల్లెళ్ళు లోపల, తోడల్లుళ్ళు ఆస్పత్రి వరండాకి ఈ చివరొకరు, ఆ చివరొకరు. తోడల్లుడు కాఫీ తెచ్చి బెంచీ మీద పెట్టి, తన చివరికి వెళ్ళిపోయాడు. మంటాయన దాన్ని చల్లారిపోనిచ్చాడు. తర్వాత ఆకలికి ఆగలేక తాగాడు గానీ, అటువైపు తల తిప్పలేదు.