నమోదు కాని నీళ్లు

2009 ఏప్రిల్ 19, ఆదివారం. మధ్యాహ్నం పన్నెండు గంటల ఇరవై నిమిషాలకు మా మేనకోడలు నారాయణఖేడ్ బస్టాండులో దిగింది. భుజానికి సంచీ, రెండు చేతుల్లో ఒక స్టీలు టిఫిన్ డబ్బా. డబ్బాలో దూది, దూదిలో నిలబెట్టిన నాలుగు చిన్న గాజు సీసాలు. హైదరాబాదు నుంచి నాలుగు గంటల ప్రయాణంలో ఒక్కసారి కూడా ఆ డబ్బాను ఒడిలోంచి దించలేదట. పక్క సీటులోని ముసలమ్మ, "గంత భద్రంగ పట్టుకున్నవ్, బంగారమా బిడ్డా?" అని అడిగితే, "బంగారమైతే సంచీల ఏసుకుందునమ్మా" అన్నదట.

ఆమె అప్పటికి మూడేళ్లుగా రసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్నది. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించి 2004లో విశ్రాంతి పొందినవాణ్ని. 2001 నుంచి 2014 వరకు మా ఇంటి వెనుక గది ఉష్ణోగ్రతను రోజుకు మూడుసార్లు, ఉదయం ఏడింటికి, పగలు ఒంటిగంటకు, సాయంత్రం ఏడింటికి, నోట్‌బుక్కులో నమోదు చేశాను. ఎవరూ అడిగింది కాదు. "సారుకు బుఖారొచ్చినా ముందుగాల గోడకే థర్మామీటర్ పెడ్తడు" అని నా భార్య నలుగురిలో నవ్వేది. ఆ నోట్‌బుక్కులు తప్ప నా జ్ఞాపకాన్ని నేను నమ్మను. ఇప్పుడు రాస్తున్నదీ వాటిని ముందు పెట్టుకునే.

ఆ పిల్ల మా ఇంటికి రావడానికి కారణమూ ఆ అలవాటే. ఆమె పరిశోధన రెండు చిన్న సేంద్రియ అణువుల గురించి. ఆ రెండూ కలిసి ఒకే స్ఫటికంగా పేరుకున్నప్పుడు ఒకదాన్నొకటి ఎక్కడ పట్టుకుంటాయో చూడాలి. ఆ పట్టును హైడ్రోజన్ బంధం అంటాం. ఒక అణువులో ఆక్సిజన్‌కు అంటుకుని ఉన్న హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్ వైపు మొగ్గి దాన్ని బలహీనంగా పట్టుకుంటుంది. ఆ రెండు ఆక్సిజన్ల మధ్య దూరం సుమారు 2.7 ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రాము అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు. బస్తాలోని యూరియా పలుకులు పలుకులుగా నిలిచేదీ ఇలాంటి పట్టువల్లనే. ఈ దూరాలు కొలవాలంటే ఆవగింజలో సగమైనా ఉన్న ఒక మచ్చలేని స్ఫటికం కావాలి. దానిలోంచి ఎక్స్ కిరణాలను పంపితే పరమాణువులు ఎక్కడెక్కడ కూర్చున్నాయో లెక్కగా తేలుతుంది.

ఆమెకు ఆరు నెలలుగా స్ఫటికం రాలేదు. వచ్చిందంతా పొడి.

"ల్యాబుల ఏసీ గంటకోపారి బందైతది మామా. పక్కకే పంపు, బల్లంత వణుకుతది. నీ ఇంట్ల గోడలు మందం, ఎవ్వలు ముట్టరు, నువ్వు రాస్తవ్. నాకు గదే కావాలె."

"రాకపోతే?"

"జులై ముప్పై ఒకటికి ఫెలోషిప్ అయిపోతది. గీ స్ఫటికం లేకుంటే మూడో అధ్యాయం లేదు, అధ్యాయం లేకుంటే థీసిస్ తీసుకోనని గైడ్ చెప్పిండు. ఆగస్టుల మందు గోలీల కంపెనీల పరీక్షలు చేసే కొలువు ఉన్నది. గండ్ల చేరితే ఇగ మళ్ల రాను మామా, నాకెరుకే."

సీసాల్లో ఆమె స్వయంగా నీరు తీసేసిన స్పిరిట్‌లో కరిగించిన ద్రావణం ఉన్నది. మూతులకు అల్యూమినియం రేకు చుట్టి, సూదితో మూడేసి రంధ్రాలు చేసింది. స్పిరిట్ ఆ రంధ్రాల గుండా మెల్లగా ఆవిరైపోవాలి. వెనుక గదిలోని గోడ అల్మారా నడిమి అరలో సీసాలు పెట్టి, తలుపులు మూసి, మరునాడు ఆమె వెళ్లిపోయింది.

ఏప్రిల్ 20, సాయంత్రం ఏడింటికి ఒక రేకు మీద చీమ కనిపించింది. ఆ అల్మారాలోనే కింది అరలో బెల్లం డబ్బా ఉండేది. మా వైపు ఏ ఇంట్లోనైనా బెల్లం డబ్బా నీళ్లు పోసిన పళ్లెం మధ్యలో కూర్చుంటుంది, చీమలు దాటకుండా. నా భార్య సీసాలకూ అదే ఏర్పాటు చేసింది. పెరట్లోంచి ఇటుక తెచ్చి కడిగి ఇచ్చింది నేనే. ఆమె దాన్ని ఇత్తడి పళ్లెంలో పెట్టి, చుట్టూ నీళ్లు పోసి, ఇటుక మీద సీసాలు నిలబెట్టింది. నేను థర్మామీటరు చూశాను. 32 డిగ్రీలు.

నలభై ఒక్క రోజులు, నూట ఇరవై మూడు అంకెలు. బయట నలభై రెండు ఉన్న రోజున కూడా గదిలో 31 కంటే తగ్గలేదు, 34 దాటలేదు. కరెంటు ఎన్ని గంటలు పోయినా ఆ గోడలకు పట్టింపు లేదు, పట్టింపంతా నాకే. గది ముందు నడిచేటప్పుడు చెప్పులు విప్పేవాణ్ని. వీధిలో ట్రాక్టరు పోతే సమయం రాసుకునేవాణ్ని. మే 22న రెండవ సీసా అడుగున ఒక మెరుపు కనిపించింది. మరునాడు అది అంచులున్న పలక. నాకు ఆనందం కలగలేదు. అది కరిగిపోతుందేమోనన్న భయం పట్టుకుంది. మే 30న మేనకోడలు వచ్చి, భూతద్దంతో చూసి, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. సీసాలతో పాటు నా నోట్‌బుక్కు నకలు కూడా తీసుకుని వెళ్లింది.

జూన్ 8, సోమవారం, సాయంత్రం అయిదున్నరకు ఫోను.

"మామా, నువ్వు మూత తీసినవా?"

"లేదు."

"ఎప్పుడన్న నీళ్లు చిందినయా?"

"లేదు. ఎందుకు?"

స్ఫటికం నిర్మాణం తేలింది. ఆమె ఊహించినట్టు ఆ రెండు అణువులూ నేరుగా పట్టుకోలేదు. వాటి మధ్య ఒక నీటి అణువు కూర్చుని ఉన్నది. నీటి అణువు తన రెండు హైడ్రోజన్లను చెరొక వైపు ఇవ్వగలదు, తన ఆక్సిజన్‌తో మరొకరిని పట్టుకోగలదు. ఈ స్ఫటికం మొత్తాన్నీ అదే నిలబెడుతున్నది. అయితే నీరు తీసేసిన స్పిరిట్‌లోకి నీరెక్కడిది? ఆమె అజాగ్రత్తగా ఆరబెట్టిందా, సీసాలు తడివా? మళ్లీ చేస్తే మళ్లీ వస్తుందా? నీరు ఎక్కడినుంచి వచ్చిందో చూపలేని స్ఫటికాన్ని అధ్యాయంలో పెట్టనివ్వనని గైడ్ అన్నాడట.

"నువ్వు అన్ని రాసినవ్ గద మామా. సూడు. గండ్లనే ఉంటది."

ఆ రాత్రీ, మరునాడంతా నూట ఇరవై మూడు అంకెలను ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చదివాను. గాలిలో తేమ కొలిచే సాధనం నా దగ్గర లేదు. లేని సాధనపు అంకెను నేను రాయను. ట్రాక్టర్లున్నాయి, కరెంటు పోయిన గంటలున్నాయి. నీళ్లన్న మాట ఎక్కడా లేదు. ఆ పిల్ల మూడేళ్ల శ్రమ నా చేతిరాతలో ఎక్కడో జారిపోయిందన్న అనుమానం వదల్లేదు.

జూన్ 10 ఉదయం ఏప్రిల్ 20 నాటి పంక్తి దగ్గర ఆగాను. 'రేకుపై ఒక చీమ. తొలగించడమైనది.' తరువాతి నలభై రోజుల్లో చీమ ప్రస్తావన ఒక్కటీ లేదు. ఎండాకాలంలో, బెల్లం పక్కన, నలభై రోజులు ఒక్క చీమ రాకపోవడమేమిటి? వంటింట్లోకి వెళ్లి నా భార్యను అడిగాను.

"ఎట్లొస్తయ్? రోజు పొద్దున నీళ్లు పోస్తి గద పళ్లెంల."

"ఎప్పుడు?"

"నువ్వు థర్మామీటర్ సూడంగనే! నీ మోచెయ్యి జరిపి మరీ పోసిన. నీకు కనబడలే?"

కనబడింది. మూసిన అల్మారాలో, వెడల్పాటి పళ్లెంలో, నలభై ఎండాకాలపు రోజులు నీళ్లు ఆవిరవుతూ వచ్చాయి. ఆ తేమనే స్పిరిట్ పీల్చుకున్నది. నేను దాన్ని చూశాను, ఇటుక కూడా అందించాను, అది రాయదగ్గ సంగతిగా నాకు తోచలేదు.

వెంటనే మేనకోడలికి ఫోను చేసి చెప్పాను.

"గిట్ల చెయ్యి మామా. ఆ దినాల పక్కన 'నీళ్లు పోసినం' అని ఒక్కో ముక్క చేర్చు. నకలు ఇంక గైడ్‌కు ఇయ్యలే. పోసింది నిజమే గద!"

"పోసింది నిజం. ఆ దినమే రాసిన అన్నది అబద్ధమైతది బిడ్డా."

"గా ఒక్క ముక్కకు నా మూడేండ్లు పోతయ్."

ఫోను పెట్టాక ఖాళీ పేజీ తీసి రాశాను: 'నమోదు తేదీ 10-6-2009. ఏప్రిల్ 20 నుంచి మే 29 వరకు సీసాల చుట్టూ పళ్లెంలో నీళ్లు ఉండెను. ప్రతి ఉదయం నా భార్య పోసినది. నేను చూసియు నమోదు చేయలేదు.' ఆ పేజీతో ఆ పిల్లకు నేనే అడ్డుపడ్డానేమోనని అనిపించింది.

మిగిలింది మళ్లీ చేసి చూపడమే. మొదటి ద్రావణంలో మిగిలినది ఆమె రెండు సీసాల్లో పోసి బస్సులో తెచ్చింది. నాతో ముక్తసరిగా మాట్లాడింది, వాళ్ల అత్తమ్మతో, అంటే నా భార్యతో, మాత్రం మామూలుగానే. జూన్ 12న రెండు బియ్యపు డబ్బాలు తీసుకున్నాం. ఒకదానిలో సీసా పక్కన గిన్నెడు నీళ్లు. రెండవదానిలో గిన్నెడు సున్నపు రాళ్లు, తేమను పీల్చుకోవడానికి. అప్పటికే వానల కాలం. సున్నం చాలకపోతే రెండింటిలోనూ ఒకటే వస్తుంది, ఏదీ రుజువు కాదు. మబ్బు పడినప్పుడల్లా పెరట్లోకి వెళ్లి ఆకాశం చూసేవాణ్ని. నీళ్లు, సున్నం ఎవరు ఏ గంటకు వేశారో రాయడానికి నోట్‌బుక్కులో రెండు గడులు పెంచాను.

జూన్ 28, ఆదివారం. నా భార్య తెల్లవారే చర్చికి వెళ్లి, అటునుంచి సిర్గాపూర్‌లోని వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది. సాయంత్రం వచ్చాక అడిగితే, "పోసిన్నో లేదో... పోసినట్టే యాదికున్నది, గని ఒట్టు పెట్టుమంటే పెట్టలేను" అన్నది. గిన్నెలో నీళ్లు ఉన్నవి. ఆ ఉదయానివో ముందు రోజువో చెప్పలేను. గడిలో 'పోసినది' అని రాయబోయి ఆగి, 'తెలియదు' అని రాశాను. నా నోట్‌బుక్కుల్లో ఆ మాట అదే మొదటిసారి.

జులై 16న మేనకోడలు ఎదుట డబ్బాలు తెరిచాం. సున్నం ఉన్న సీసాలో గోధుమపిండి వంటి పొడి. నీళ్లున్న సీసాలో మూడు పలకలు. ఆమె నవ్వలేదు, "సూడనీ, సూడనీ" అంటూ భూతద్దం నా చేతిలోంచి లాక్కున్నది.

మళ్లీ మొత్తం నిర్మాణం లెక్కగట్టనవసరం లేదు, అది ఆ స్ఫటికమే అని తేల్చుకోవడానికి ఒక పూట చాలు. అదే అని తేలింది. గైడ్ నోట్‌బుక్కు అంతా తిరగేసి, జూన్ 10 పేజీ దగ్గరా, 28 నాటి గడి దగ్గరా ఆగాడట. "ఎవరు రాశారు?" అని అడిగి, ఆ రెండు పేజీల నకళ్లు తన దగ్గర పెట్టుకున్నాడట. జులై 29న థీసిస్ సమర్పించింది. ఆ సాయంత్రం ఫోను చేసి ముందు అత్తమ్మనే అడిగింది, తరువాత నన్ను. "మామా, కోపమున్నదా?" అన్నది. లేదన్నాను.

కోపం లేదు, కానీ నెమ్మది కూడా లేదు. ఆగస్టు మొదటి వారంలో 2001 నుంచి ఉన్న నోట్‌బుక్కులన్నీ దించి కూర్చున్నాను. 2003 మే నెలలో తొమ్మిది రోజులు గది రెండు డిగ్రీలు చల్లగా ఉన్నట్టు రాసి ఉన్నది. గాలి మళ్లిందని అప్పట్లో అనుకున్నాను. వంటింటి గడపలో నిలబడి నా భార్యను అడిగాను.

"మనుమరాలికి తట్టు పోసినప్పుడా? కిటికీకి తడి గోనె కట్టిన గద."

వెనక్కి వచ్చి, ఆ పేజీ కింద ఆనాటి తేదీ వేసి 'తడి గోనె' అని రాశాను. మళ్లీ గడప దగ్గరికి వెళ్లాను.

"ఏమేమి రాయలేదో అన్ని ఒక్కపారే అడుగు సారూ" అన్నది ఆమె, పప్పు కడుగుతూ. "నాకు చర్చికి పొద్దైతున్నది."

నా చేతిలో ఇంకా ఆరు నోట్‌బుక్కులున్నాయి.